కోసేసిన నవ్వు

ఆ ఫోటోలో ఆమె ఏడుస్తున్నట్టే ఉంటుంది. మోచేతి పైభాగంతో కళ్లు తుడుచుకుంటోంది. చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, తలకు తువ్వాలు. ముందు మోకాలెత్తు మిరపకాయల రాశి. వెనక, ఎడమవైపు పదేళ్ల పిల్ల. చేతిలో కాయ ఉంది కానీ చూపు ఎటో ఉంది. నేను తీసిన వేల ఫోటోల్లో నలుగురూ మెచ్చుకున్నది అదొక్కటే. 2013 మార్చిలో ఒక పత్రిక మహిళా దినోత్సవ సంచికలో పేజీ నిండా వేశారు. శీర్షిక 'కన్నీటి కారం'. ఆ శీర్షిక నేను పెట్టింది కాదు. కానీ చూసి కాదనలేదు. నిజం చెప్పాలంటే బాగుందనే అనుకున్నాను.

తీసేటప్పుడు ఆమెకు తెలియదు. తెలియకూడదనే అలా తీశాను. తెలిస్తే మనిషి మారిపోతుంది, పైట సర్దుకుంటుంది, బిగుసుకుపోతుంది, కెమెరా కోసం ఒక ముఖం పెడుతుంది. తెలియనప్పుడు దొరికేదే అసలు మనిషి అని నమ్మేదాన్ని. ఆ నమ్మకం గురించే ఈ నాలుగు మాటలు.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. నల్లరేగడి. ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప, రెండూ ముంచిన ఏళ్లూ ఉన్నాయి. నా చిన్నతనంలో ఇంట్లో కెమెరా లేదు. ఫోటో అంటే పేటలోని స్టూడియోకి వెళ్లి, వెనక తెర మీద వేసిన చెట్టూ మెట్లూ ముందు నిలబడటం. నా మొదటి సొంత ఫోటో పెళ్లిచూపుల కోసం తీసింది. దానికి నాలుగైదు కాపీలు వేయించారు. అవి ఎవరెవరి ఇళ్లకు వెళ్లాయో, ఎవరు చూసి ఏమన్నారో నాకు తెలియదు. రెండు తిరిగొచ్చాయి. మిగతావి ఇప్పటికీ ఎవరి బీరువాల్లోనో ఉండే ఉంటాయి. బజార్లో పరాయి మగవాడి కంట పడకూడదన్న ఇంటివాళ్లే నా ముఖాన్ని పరాయి ఇళ్లకు కవర్లో పెట్టి పంపారు. అందులో వాళ్లకు వైరుధ్యమేమీ కనిపించలేదు. నాకూ అప్పుడు కనిపించలేదు.

కెమెరా చేతికొచ్చింది చాలా ఆలస్యంగా, గుంటూరులో పాఠాలు చెప్పుకుంటున్న రోజుల్లో. ఎవరో వాడి అమ్మేసిన డిజిటల్ కెమెరా కొన్నాను. కొన్నాక నాకు మొదట తెలిసింది ఫోటోల గురించి కాదు, నిలబడటం గురించి. ఆడమనిషి రోడ్డు మీద ఊరికే నిలబడకూడదు. బస్సు కోసం నిలబడవచ్చు, కూరగాయలు బేరమాడుతూ నిలబడవచ్చు, పిల్లల బడి వదిలేదాకా నిలబడవచ్చు. ఏ పనీ లేకుండా లాడ్జి సెంటర్లో నిలబడి పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ చూస్తూ ఉంటే పది నిమిషాల్లో ఎవడో ఒకడు పక్కకొచ్చి నిలబడతాడు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబయి నగరం గురించి రాసిన పుస్తకం 2011లో వచ్చింది. ఆడవాళ్లకు పనీపాటా లేకుండా వీధుల్లో తిరిగే హక్కు కావాలన్నదే దాని వాదన. అది చదివినప్పుడు నా కెమెరా నాకేం చేసిందో అర్థమైంది. అది నాకొక 'పని' ఇచ్చింది. మెడలో అది ఉంటే నన్ను చూసేవాళ్లు తగ్గారు, నేను చూడటం మొదలైంది. అరండల్‌పేటలో, లాలాపేటలో, బస్టాండులో, టీకొట్ల దగ్గర మగవాళ్లను ఎన్ని వందల ఫోటోలు తీశానో! జీవితమంతా నన్ను చూసిన వాళ్లను నేను కళ్లారా చూడటంలో ఒక కక్ష తీరిన సంతోషం ఉండేది. దాచుకోను.

హోమై వ్యారావాలా గురించి అప్పుడే చదివాను. దేశంలో పేరున్న మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్. తొలి రోజుల్లో ఆమె తీసినవి భర్త పేరుతో అచ్చయ్యేవట. చూపు ఆమెది, పేరు ఆయనది. మన ఇళ్లలో మామూలే కదా అనుకుని నవ్వుకున్నాను.

కానీ నా కెమెరా మగవాళ్ల దగ్గర ఆగలేదు.

ఒక శివరాత్రికి కోటప్పకొండ వెళ్లాను. ఆకాశమెత్తు ప్రభలు, వాటి ముందు మైకులు, డాన్సులు. అందరి కెమెరాలూ పైకి చూస్తున్నాయి. తెల్లవారుజామున ఒక ట్రాక్టరు ట్రక్కులో, జాగారం చేసి అలిసిపోయి, ఒకరి కాళ్ల మీద ఒకరు తలలు పెట్టి నిద్రపోతున్న ఆడవాళ్లు కనిపించారు. తీస్తుంటే ఒకతను వచ్చి కెమెరా పట్టీ పట్టుకున్నాడు. "ఏ పేపరు నీది? మా ఆడోళ్లని ఎందుకు తీస్తన్నావ్?" ఆ గొడవకు లేచిన పెద్దావిడ ఒకామె, కళ్లు నులుముకుంటూ, "తియ్యనీరా, పోయేదేముంది" అంది. అతను వదిలేశాడు. ఇంటికొస్తూ దారి పొడుగునా నేను గెలిచాననుకున్నాను. 'మా ఆడోళ్లు' అన్న అతని మాట మీద క్లాసులో పాఠం కూడా చెప్పాను. ఆడవాళ్ల మీద హక్కు మగవాడిదైతే అనుమతి కూడా అతన్నే అడగాలన్నమాట, అని. పాఠం బాగానే ఉంది. ఒక్కటే నాకు తట్టలేదు. అతను పట్టుకోకపోతే ఆ పెద్దావిడను నేను లేపి అడిగి ఉండేదాన్నా?

మిరప పంట చేతికొచ్చే కాలంలో గుంటూరు చుట్టుపక్కల చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. యార్డు బయట లారీలు, టిక్కీలు, గాలిలోనే ఘాటు. రోడ్ల పక్కన ఖాళీ జాగాల్లో పట్టాలు పరిచి కాయ ఆరబోస్తారు. కల్లాల్లోనూ, కోల్డ్ స్టోరేజీల దగ్గరా ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు కాయ ఏరుతుంటారు, తొడిమలు తీస్తుంటారు. ఎరుపు రాశులు, రంగురంగుల చీరలు. కెమెరా ఉన్నవాడెవడూ ఆగకుండా పోలేడు. ప్రతి ఏడూ పేపర్లలో ఆ ఫోటో వస్తుంది. నేల నిండా ఎర్ర తివాచీ, దాని మధ్యలో వంగిన నడుములు. ఆ నడుములకు ముఖాలుండవు. ఫోటో కింద రాసేది కాయ రకం గురించో, ధర గురించో. తేజకి ఇంత పలికింది, బాడిగకి ఇంత.

నేను అలాంటి ఫోటో తీయనని నా పట్టుదల. ముఖం తీస్తాను, శ్రమ తీస్తాను. 2013 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఊరి శివార్లలో రోడ్డు పక్కనే పదకొండుమంది ఆడవాళ్లు కాయ ఏరుతున్నారు. ప్లాస్టిక్ కుర్చీలో ఒక గుమస్తా కూర్చుని ఉన్నాడు. "రెండు ఫోటోలు తీసుకుంటానండీ" అన్నాను. "తీసుకోండి మేడమ్" అన్నాడు. నేను వెనక్కి, ఒక వేపచెట్టు పక్కకు వెళ్లి, జూమ్ లెన్సుతో గంటన్నర తీశాను. ఆమె తల ఎత్తి నన్ను చూడలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే ఒకటి దొరికింది. కుడివైపు కొంత కోసేస్తే ఇంకా బాగుంటుందనిపించింది. కోశాను.

ఏప్రిల్‌లో మా విద్యార్థిని ఒకమ్మాయి ఆమెను మా ఇంటికి తీసుకొచ్చింది. వాళ్లది ఒకటే పేట. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాయనా అని ఈమధ్య అడిగితే, "ఎందుకులే" అంది.

కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, గుమ్మం పక్కన నిలబడింది. సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. మేస్త్రి తెచ్చి ఆమె ముందు పడేశాడట. ఆమెకు చదువు రాదు, శీర్షిక మా అమ్మాయే చదివి చెప్పింది.

"ఇది నేనేగా?" అంది.

"నువ్వేనమ్మా."

"నేనెందుకు ఏడుస్తన్నాను?"

నేను జవాబు వెతుక్కుంటుంటే ఆమే చెప్పింది. "ఏడుపు కాదు మేడమ్ అది. ఆ రోజు మా అక్క, నా కుడిపక్కన కూర్చున్నామె, మేస్త్రి సంగతి చెప్తంది. కొత్త తెల్లపంచె కట్టుకొచ్చి, రాశి మీద జారి కూలబడి లేచాడంట. ఎనకంతా ఎర్రగా అయ్యి, ఇంటికి పోయేదాకా ఎవురూ చెప్పలేదంట. ఆ నడక నడిచి చూపిచ్చింది. నవ్వలేక చచ్చాం. నవ్వితే నోట్లోకి ఘాటు, తుమ్ములు, కళ్లెంట నీళ్లు. అదీ ఇది." వేలితో ఫోటో మీద కొట్టింది. "ఆమేదీ మరి? భుజం కూడా పడలేదే ఇందులో?"

కంప్యూటరు తెరిచి పూర్తి ఫోటో చూపించాను. ఉంది. కుడివైపు, గులాబీరంగు చీరలో, నోరంతా తెరిచి, తల వెనక్కి వాల్చి. ఆమెను చూడగానే వచ్చిన ఇద్దరూ నవ్వేశారు.

ఎందుకు కోశానో వాళ్లకు చెప్పలేదు, అడగలేదు కాబట్టి. ఇక్కడ చెప్తాను. ఆ గులాబీరంగు మిరప ఎరుపుతో పొసగలేదు. అది ఒక కారణం. రెండోది, ఆ నవ్వు ఉంటే ఫోటోలో రెండు సంగతులు ఉంటాయి. నాకు ఒకటే కావాలి. కూలి చేసే ఆడదాని గురించి నా దగ్గర ముందే ఒక కథ ఉంది. ఆ కథలో ఆమె అలిసిపోయి ఉండాలి, మౌనంగా ఉండాలి, ఒంటరిగా ఉండాలి. మేస్త్రి పంచె మీద పదకొండుమంది కలిసి జోకులేసుకోవడానికి ఆ కథలో చోటు లేదు. పిల్లను ఉంచాను, నవ్వును కోసేశాను.

ఆమె వచ్చింది నవ్వు సంగతి అడగడానికి మాత్రమే కాదు. ఆ పిల్ల ఉంది చూశారా, గులాబీ చీరామె మనవరాలు. ఆదివారం బడి లేదు, ఇంట్లో ఎవరూ లేరు, తీసుకొచ్చింది. ఫోటో అచ్చయ్యాక ఎవరో అధికారులు వచ్చి విచారించారట. యజమానికి కోపం వచ్చింది, మేస్త్రిని తిట్టాడు, మేస్త్రి ఈ పదకొండుమందినీ రావద్దన్నాడు. సీజన్ నడిమధ్య. ఇంకోచోట పని దొరికేసరికి పద్దెనిమిది రోజులు పట్టింది.

తర్వాత ఈ సంగతి చెప్తే ఒక మిత్రురాలు, "పిల్లలతో పని చేయించడం తప్పే కదా, నీ ఫోటో వల్ల బయటపడింది, అందుకు బాధెందుకు?" అంది. తప్పే. కానీ ఆ తప్పుకు శిక్ష పడింది యజమానికి కాదు. పిల్ల ఆ తర్వాతి ఆదివారం ఎక్కడ ఉందని అడిగాను. అమ్మమ్మ వెంట పత్తి ఏరడానికి వెళ్లిందట, ఇంకో ఊళ్లో, రోడ్డుకు దూరంగా.

నేను లోపలికి వెళ్లి ఐదు వేలు కవర్లో పెట్టి తెచ్చాను. ఆమె తీసి లెక్కపెట్టింది. "నూట యాబై చొప్పున పద్దెనిమిది రోజులు" అని, మా అమ్మాయితో లెక్క వేయించి, రూ. 2,700 ఉంచుకుని మిగతావి బల్ల మీద పెట్టేసింది. గడప దాటుతూ అంది, "ఇది నా లెక్క. ఇంకా పదిమంది ఉన్నారుగా." ఇంకో మాట కూడా. "గుమస్తాని అడిగావంట. మమ్మల్ని అడిగితే నోరు లేదా మాకు?"

పదకొండుమందికీ కలిపి రూ. 29,700. అది అప్పటి నా నెల జీతం కంటే తక్కువ. ఇచ్చాను, మూడు నెలల్లో. ఈ వాక్యం రాయడానికి మాత్రం పన్నెండేళ్ల పైన పట్టింది.

ఆమె వెళ్లాక చాలాకాలం కెమెరా ముట్టుకోలేదు. చదువుకున్నదాన్ని కాబట్టి చదువులో దూరాను. డొరొథియా లాంగ్ 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠానీ కోతకొచ్చిన కూలీల గుడారాల్లో తీసిన ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. గడ్డం కింద చెయ్యి, రెండు వైపులా ముఖాలు తిప్పుకున్న పిల్లలు. 'వలస తల్లి' అని ప్రపంచమంతా తిరిగింది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. లాంగ్ ఆరోజు పేరు అడగలేదు. పది నిమిషాల్లో కొన్ని ఫోటోలు తీసుకుని వెళ్లిపోయింది. ఆ ఫోటోలు చూసి ప్రభుత్వం ఆ శిబిరానికి తిండి పంపింది, అది చేరేసరికి ఫ్లోరెన్స్ కుటుంబం అక్కడ లేదు. ఆమె చెరోకీ తెగ స్త్రీ అన్నది కూడా ఆ ఫోటో చెప్పదు. తెల్లజాతి పేదరైతు తల్లిగానే చూశారు దాన్ని. తనను ఫోటో తీయకుండా ఉంటే బాగుండేదని, దాని వల్ల తనకొక్క పెన్నీ కూడా రాలేదని ముసలితనంలో చెప్పింది. ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను పట్టుకున్నది ఇంకో చిన్న సంగతి. ఆ ఫోటో మూలన గుడారపు కర్రను పట్టుకున్న ఒక బొటనవేలు ఉండేది. లాంగ్ తర్వాత దాన్ని చెరిపించింది. కళ్లకు అడ్డమనిపించిందట. అది చదివి పుస్తకం మూసేశాను. బొటనవేలూ, గులాబీ చీరా.

అనుమతి అన్న మాటను మనం శరీరాల గురించి, పడకగది గురించి ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం! బజార్లో మనిషి ముఖం గురించి మాట్లాడుకున్నది తక్కువ. చట్టం కూడా అంతే. ఢిల్లీ ఘటన తర్వాత 2013లో శిక్షాస్మృతిలో 354సి సెక్షన్ చేర్చారు. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. ఆంతరంగిక స్థితిలో ఉన్న స్త్రీని చాటుగా చూసినా ఫోటో తీసినా నేరం. అందులో ఒక మంచి వివరణ ఉంది. తీయడానికి ఒప్పుకున్నా పదిమందికి చూపడానికి ఒప్పుకోకపోతే, చూపడం నేరం. తీయడం వేరు, చూపడం వేరు అని చట్టం గుర్తించింది. అయితే అది నాలుగు గోడల మధ్య సంగతులకే. బహిరంగ స్థలంలో కెమెరాకు అడ్డు లేదు.

బహిరంగ స్థలం! ఎవరికి? మిరపకోతల కాలంలో కర్నూలు వైపు నుంచి, పశ్చిమ ప్రకాశం నుంచి కుటుంబాలకు కుటుంబాలు వలస వస్తాయి. పొలాల గట్ల మీద, రోడ్ల వార పట్టాలతో గుడారాలు వేసుకుంటారు. వాళ్ల వంటిల్లు రోడ్డు మీదే. స్నానాల గది నాలుగు కర్రలకు చుట్టిన పాతచీర. చంటిబిడ్డ ఉయ్యాల తుమ్మకొమ్మకు. నేను కారు ఆపి దిగితే నాకు అది వీధి. ఆమెకు అది ఇల్లు. నా ఇంటి కిటికీలోంచి ఎవడైనా లెన్సు పెడితే నేను పోలీసులకు ఫోన్ చేస్తాను. గోడలు కట్టుకునే స్తోమత ఉన్నవాళ్లకే ఏకాంతం అనుకుంటే, బహిరంగ స్థలంలో అడగక్కర్లేదన్న నియమం పేదవాళ్ల ఇళ్లకు తలుపులు లేవని చెప్పడమే కదా.

ఇక్కడ నా గురించి ఒకటి చెప్పాలి. మా నాన్న కల్లంలో ఒక మంచం ఉండేది. కాయ ఏరేవాళ్లు ఎండలో, మంచం చింతచెట్టు కింద. ఆయన అక్కడ కూర్చుని చూస్తుండేవాడు. ఎవరు చేతులాడిస్తున్నారు, ఎవరు కబుర్లాడుతున్నారు అని. వాళ్లు తలెత్తి ఆయన్ని చూసేవాళ్లు కాదు. వేపచెట్టు పక్కన జూమ్ లెన్సుతో నేను నిలబడ్డ తీరు ఆ మంచం మీద కూర్చున్న తీరే. బజార్లో మగవాడి చూపు గురించి నాకు తెలిసినంత బాగా, కల్లం పక్కన భూమిగల వాళ్ల చూపు గురించి తెలియలేదు. మొదటిది నా మీద పడింది, రెండోది నా కళ్లలోనే ఉంది. దళిత స్త్రీలు మన స్త్రీవాదం గురించి తొంభైల నుంచీ చెబుతున్నది ఇదేనని, సెమినార్లలో తలూపినదాన్నే, నాకు గుమ్మం పక్కన నిలబడి ఒకామె అడిగితే గానీ ఎక్కలేదు.

స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ పోరాటంలోని స్త్రీలను కలిసి వాళ్ల మాటల్లోనే తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. ఒకరి మాట వినాలంటే పక్కన కూర్చోవాలి. వాళ్లు 'ఇది రాయొద్దు' అంటే వినిపిస్తుంది. కెమెరాకు ఆ కష్టం లేదు. ముప్పై అడుగుల దూరం నుంచి మనిషి ముఖమంతా తెచ్చేసుకోవచ్చు, ఒక్క మాట కూడా వినకుండా. మేస్త్రి పంచె కథ నాకు వినపడనిది అందుకే. పక్కనే కూర్చుని ఉంటే నేనూ నవ్వి ఉండేదాన్ని.

అలాగని అడగకుండా తీసిన ప్రతి ఫోటో దొంగతనమే అంటే ఒప్పుకోలేను. 1985 జూలైలో కారంచేడు చెరువు దగ్గర, తాగే నీళ్లు మురికి చేయొద్దన్న కుర్రవాణ్ణి కొడుతుంటే అడ్డంగా బిందె ఎత్తిన మున్నంగి సువార్త చెయ్యి మనకు ఏ ఫోటోలోనూ లేదు. మాటల్లోనే ఉంది. మర్నాడు జులై 17న ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఆ క్షణాన గట్టు మీద ఎవరైనా కెమెరాతో ఉంటే 'అడిగి తీశావా?' అని నేను అడుగుతానా? అడగను. అయితే ఆ ఫోటో అవసరం ఎవరిది, అది ఎవరికి ఎదురు నిలుస్తుంది అన్నది వేరే లెక్క. నా వేపచెట్టు ఫోటో ఎవరికీ ఎదురు నిలవలేదు. చివరికి అందులో ఉన్నవాళ్లకే ఎదురొచ్చింది. పి. సాయినాథ్ 1993 నుంచి 2002 దాకా పదిరాష్ట్రాల్లో ఆడవాళ్ల పని మీద తీసిన ఫోటోల ప్రదర్శన నాకు ఇష్టం. అందులో కూడా తెలియకుండా తీసినవి ఉండొచ్చు. కానీ దాన్ని గ్యాలరీల్లోనే కాక కూలీలూ కార్మికులూ ఉన్న చోట్లకీ తీసుకెళ్లి చూపించారు. చూపినది చూసి 'ఇది అబద్ధం' అనే వీలు వాళ్లకుంది. నా ఫోటో ఆ పేటకు చేరింది మేస్త్రి చేతిలో.

మన స్త్రీవాద పత్రికల అట్టలే ఒకసారి వరసగా పెట్టి చూడండి. నాట్లు వేసే ఆమె, ఇటుకలు మోసే ఆమె, తట్ట నెత్తిన పెట్టుకున్న ఆమె. లోపల వ్యాసాలకు రచయిత్రుల పేర్లుంటాయి. అట్ట మీది ఆమెకు ఉండదు. ఫోటో తీసినవాళ్ల పేరు మాత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకప్పుడు ఆ చిన్న అక్షరాల్లో నా పేరుండాలని ఎంత ఆశపడ్డానో నాకు తెలుసు.

2023 వేసవిలో మళ్లీ ఆ పేటకు వెళ్లాను. మిరప సీజను అయిపోయి ఉపాధి పనికి పోతున్నారు. చెరువు పూడిక దగ్గర పొద్దున పనిలోకి రాగానే అందరినీ వరసలో నిలబెట్టి ఫోటో తీశారు, మళ్లీ ఇంకోసారి తీయాలట. ఫోన్‌లో ఫోటో హాజరు ఆ ఏడాది జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. ఫోటో ఎక్కకపోతే ఆ రోజు పని చేసినట్టు కాదు. సిగ్నల్ కోసం మేట్ గట్టెక్కి చెయ్యి పైకెత్తి తిరుగుతుంటే ఆమె నన్ను చూసి, "నీ ఫోటోకి పని పోయింది, ఈ ఫోటో లేకపోతే కూలి పోద్ది" అని నవ్వింది. ఆధార్‌కి ఒకటి, పింఛనుకి ఒకటి, హాజరుకి రోజుకి రెండు. వాళ్లను ఇంతగా ఎవరూ ఎప్పుడూ ఫోటోలు తీయలేదు. ఒక్కటీ వాళ్ల చేతికి రాదు.

నేను ఆ రోజు కెమెరా తీసుకెళ్లలేదు. వెళ్లింది వేరే పని మీద. గులాబీ చీరామె పోయిందని మా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. ఆదరణ కూడికకు పెద్ద ఫోటో పెట్టాలి, ఫ్లెక్సీ వేయించాలి. ఇంట్లో ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప ఏమీ లేదు, అందులో ఆమె ఆమెలా లేదు. "మీ దగ్గర ఒకటి ఉందటగా మేడమ్, అత్త చెప్పింది."

పాత హార్డ్ డిస్కులో వెతికాను. కోయని ఫోటో దొరికింది. పెన్‌డ్రైవ్‌లో వేసి తీసుకెళ్లి మనవరాలి చేతికిచ్చాను. ఇరవై ఏళ్ల పిల్ల. ఫోటోలో వెనక నిలబడ్డ పదేళ్ల తనను తాను చూసుకుని కాసేపు ఏమీ అనలేదు. ఆ ఫోటో తీసిందీ, దానివల్ల అమ్మమ్మకు పని పోయిందీ నావల్లేనని ఆ పిల్లకు తెలుసో లేదో నేను అడగలేదు. అడగాల్సింది.

సాయంత్రం ఫ్లెక్సీ కట్టారు. స్టూడియో అతను మిగతా అందరినీ తీసేసి, గులాబీ చీరామెను ఒక్కదాన్నే ఉంచి, వెనక నీలిరంగు వేసి, పైన ఒక పావురాన్ని పెట్టాడు. ఈసారి కోసేసింది నేను కోయకుండా ఉంచినవాళ్లను. ఫ్లెక్సీ కింద బెంచీ మీద చోటిచ్చి ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నోరు తెరిచి ఉంది, కంప్యూటర్లో మూయమంటారా అని అడిగాడంట స్టూడియో ఆయన" అంది.

"ఏమన్నారు?"

"దాని నోరు బతికుండగా ఎవురు మూశారు, ఇప్పుడు ఆయన మూయటానికి? ఉండనీమన్నాం."